పచ్చి ఉప్పు

అల్లూరు సెంటర్లో నా కొట్టు.
బోర్డు మీద 'సెల్ రిపేరు',
'రి' రాలిపోయి నాలుగేళ్ళు.
సోమవారం మధ్యాహ్నం సుభాషిణి వచ్చింది,
బియ్యం డబ్బాలో ఫోను పూడ్చిపెట్టుకొని.
"ఇసకపల్లి కాలవలో పడిందన్నా,
రెండు రోజులు బియ్యంలోనే ఉంచా."
"మంచినీళ్ళయితే బియ్యం తాగుద్దేమో గానీ
ఉప్పునీళ్ళని ఏ బియ్యం తాగుద్దమ్మా?" అన్నా.

మూత విప్పితే
లోపల ఉప్పు పూసుండాది,
చెంబుకి పట్టిన చిలుములా పచ్చగా కొంత,
తెల్లగా కొంత.
పళ్ళు తోమే బ్రష్షుతో నేను గీకుతా ఉంటే
బెంచీ మీద మస్తానమ్మ
తన కాళ్ళు తాను చూసుకుంటా కూర్చుంది.

ఆ కాళ్ళే.
పందొమ్మిది సెకన్ల వీడియోలో
మడిలోంచి పైకొచ్చి గట్టు మీద ఆగి
పగుళ్ళలో ఇరుక్కున్న ఉప్పుని
చీపురుపుల్లతో తీసుకుంటా
"బస్తాకి పదకొండు రూపాయలు" అంటుంది.
అంతే. తర్వాత గాలి.

ఫోను లేచింది.
చలిజ్వరం పిల్లోడి మాదిరి
పావుగంట సేపు వణికింది.
చీమల బారు లాంటి లిపిలో ఒకరు,
కుడి నుంచి ఎడమకి నడిచే లిపిలో ఒకరు.
యాడో కొండల మీద ఉప్పు సరస్సులో
పనిచేసే ఆడమనిషి
తన కాళ్ళు ఫోటో తీసి పంపింది, మాట లేకుండా.
ఏ రేవులోనో బస్తాలు దించేది లేదని కూర్చున్న కూలోళ్ళు
అట్టముక్క మీద తెలుగులో 'పదకొండు' అని
బొమ్మ గీసినట్టు రాసి పట్టుకున్నారు,
తలకట్టు మర్చిపోయి.

తప్పులూ ఉండాయి.
ఇవి వరదలో పోయిన మనిషి కాళ్ళని
ఇంకో దేశం పేరు పెట్టి ఎవురో ఏడ్చారు.
లక్షమంది దణ్ణం గుర్తు పెట్టారు.
మస్తానమ్మ నవ్వి
"బతికే ఉండానని రాయబ్బయా" అంది.
రాశా. ఎవురూ చూడలా.

ఆ వారంలోనే ఇంకో కబురు పుట్టింది,
దేశంలో ఉప్పు అయిపోతందని.
కావలిలో క్యూ కట్టి కిలో నూట ఇరవైకి కొన్నారు.
మా బావమరిది ఏడు కిలోలు మోసుకొచ్చాడు,
ఉప్పుమళ్ళ పక్కనే వాడి ఇల్లు.
గట్టు మీద కుప్పలు
తాటాకు కప్పుకొని ఉన్నచోటే ఉండాయి.
బస్తా పదకొండే.
ఆ అబద్ధానికీ ఈ కాళ్ళకీ
టవరు ఒకటే, రీచార్జీ ఒకటే.

రేటు పెంచేదాకా పలక పట్టేది లేదని
వీళ్ళు గట్టు మీద కూర్చున్న మూడోనాడు
సిగ్నలు పోయింది.
టవరు రిపేరన్నారు.
నా బతుకే రిపేరు, నాకు తెలవదా.
సుభాషిణి ఫోను పైకెత్తి పట్టుకొని
ఒక్క గీత కోసం గట్టెమ్మట నడిచి నడిచి
అట్టా జారింది కాలవలోకి.

"మరి ఈ రెండు రోజులూ ఏం చేశారు?"

"ఏం చేస్తాం, కాళ్ళుండాయి గదా" అంది మస్తానమ్మ.
"సారా పాటలు ఆపిన ఏడు
దూబగుంట కబురు మా దాకా ఏ టవరెక్కి వచ్చింది?
చీపుళ్ళెత్తుకొని ఆడోళ్ళు నడిచొచ్చి చెప్పారు.
మేం పక్కూరికి నడిచిపోయి చెప్పాం.
కాకపోతే సముద్రం దాకా వచ్చి ఆగింది.
దాటేది తెలవలా అప్పుడు."

అన్నిటికంటే కింద
ఒక వాయిస్ మెసేజి మిగిలింది,
ఆ కొండల మీద మనిషిదే.
నొక్కా.
ఏం మాట్లాడిందో నాకు తెలవలా,
ఇంటర్ చదివే సుభాషిణికీ తెలవలా.
మాటలయినాక
సర్... సర్... సర్...
పలక లాగే చప్పుడు.

మస్తానమ్మ ఫోను చెవికి ఆనించుకొని
కళ్ళు మూసుకుంది.
మళ్ళీ పెట్టమంది. మళ్ళీ.
"పచ్చిది ఇంకా. గింజ కట్టలా.
తొందరపడి లాగుతుండాది పాపం,
ఎవురో తరుముతుండారు ఆమెని.
రెండు రోజులు ఆగమని చెప్పబ్బయా."

ఏ భాషలో అని నేను అడగలా.
మైకు గుర్తు మీద వేలు నొక్కిపెట్టి
ఫోను ఆమె నోటి దగ్గర పట్టుకున్నా.